మందుకు లొంగని వైరస్

మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల్లో సాగర్ ఎడమకాలువ కింద వరి పండించే రైతును ఎవరినైనా అడిగి చూడండి. సుడిదోమకు ఒకప్పుడు బాగా పనిచేసిన మందు ఇప్పుడు పనిచేయడం లేదని చెబుతాడు. మొదట్లో ఒక్కసారి కొడితే దోమ రాలిపోయేది. తరవాత రెండుసార్లు కొట్టవలసి వచ్చింది. ఆ తరవాత మందే మార్చవలసి వచ్చింది. ఇమిడాక్లోప్రిడ్ అనే మందు విషయంలో ఆసియా ఖండంలోని వరి పండించే దేశాలెన్నింటిలోనో ఇదే జరిగింది.

ఎందుకిలా జరుగుతుంది? మందులో పస తగ్గిందా? దోమకు మందు అలవాటైపోయిందా? రెండూ కాదు. లక్షలాది దోమల్లో ఆ మందును తట్టుకోగలిగినవి మొదటినుంచీ ఏ కొన్నో ఉంటాయి. మందు కొట్టినప్పుడు మిగతావన్నీ చచ్చి, ఇవి మాత్రం మిగులుతాయి. పొలమంతా వీటిదే. పోటీ లేదు. వీటి పిల్లలు కూడా వీటిలాంటివే. కొన్ని తరాలు గడిచేసరికి పొలం నిండా మందుకు లొంగని దోమే ఉంటుంది.

సరిగ్గా ఇదే కథ మనిషి శరీరంలో కూడా జరుగుతుంది. అక్కడ పొలం మన శరీరం. దోమ స్థానంలో వైరస్. ముఖ్యంగా మూత్రపిండాల మార్పిడి చేయించుకున్నవారిలో ఈ కథ ప్రాణాల మీదికి వస్తుంది. అదెలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

నారు నాటినట్టు కాదు

వరినారును ఒక మడి నుంచి పీకి మరో మడిలో నాటితే మట్టి అభ్యంతరం చెప్పదు. నాలుగు రోజుల్లో నారు వేరూనుకుంటుంది. కాని ఒక మనిషి మూత్రపిండాన్ని తీసి మరో మనిషి శరీరంలో అమర్చితే, ఆ శరీరం ఊరుకోదు. మన రక్తంలోని తెల్లకణాలు కాపలావాళ్ళవంటివి. "వీడు మనవాడా, పరాయివాడా?" అని ప్రతి కణాన్నీ తడిమి చూడడమే వాటి పని. పరాయిదని తేలితే దాన్ని నాశనం చేసేదాకా వదలవు. వచ్చింది రోగక్రిమి అయినా సరే, ప్రాణం నిలబెట్టడానికి కన్నతల్లి ఇచ్చిన మూత్రపిండమైనా సరే, వాటికి ఒకటే.

1954 డిసెంబరు 23న అమెరికాలోని బోస్టన్ నగరంలో డాక్టరు జోసఫ్ ముర్రే మొదటిసారిగా మూత్రపిండం మార్పిడిలో విజయం సాధించాడు. ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు ఒకే పోలికగల కవలలు. కాబట్టి కాపలాకణాలకు తేడా తెలియలేదు. మరి కవల సోదరుడు లేనివాడి గతి ఏమిటి? కాపలాకణాల జోరును కొంత తగ్గించే మందు కావాలి. 1957లో అమెరికా శాస్త్రజ్ఞులు జార్జి హిచింగ్స్, గెర్‌ట్రూడ్ ఎలియన్ తయారుచేసిన అజాథయోప్రిన్ ఇందుకు ఉపయోగపడింది. దీని సాయంతో 1962లో ముర్రే, చనిపోయిన వ్యక్తి నుంచి తీసిన మూత్రపిండాన్ని అతనికి చుట్టం కాని రోగికి అమర్చాడు. అది ఏడాదికి పైగా పనిచేసింది. తరవాత సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ వంటి ఇంకా మంచి మందులు వచ్చాయి. ఈ రెండూ మట్టిలో నివసించే సూక్ష్మజీవుల నుంచి దొరికినవే.

మన దేశంలో 1971లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో మూత్రపిండం మార్పిడి విజయవంతంగా జరిగింది. నేడు హైదరాబాదులోని నిమ్స్, ఉస్మానియా ఆసుపత్రులలోనూ, అనేక ప్రైవేటు ఆసుపత్రులలోనూ ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి. మెదడు పనిచేయడం శాశ్వతంగా ఆగిపోయిన వ్యక్తి అవయవాలను, కుటుంబంవారి అంగీకారంతో, ఎదురుచూస్తున్న రోగులకు వరుసప్రకారం అందించే "జీవన్‌దాన్" పథకం 2013లో మొదలైంది.

అయితే ఒక చిక్కుంది. మార్పిడి చేయించుకున్న మనిషి కాపలాకణాలను అణచి ఉంచే మందులను, ఆ మూత్రపిండం పనిచేస్తున్నంత కాలం, రోజూ వేసుకోవాలి. కాపలావాణ్ణి నిద్రపుచ్చితే ఇంటికి వచ్చిన చుట్టం క్షేమంగా ఉంటాడు. నిజమే. కాని దొంగలకు కూడా అదే అదను!

నిద్రపోతున్న దొంగలు

దొంగలు బయటినుంచే రానక్కరలేదు. కొందరు ఇంట్లోనే దాగి ఉంటారు.

మీలో కొందరికి చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చి ఉంటుంది. వారం పది రోజుల్లో పొక్కులు మాడిపోతాయి. రోగం పోయిందనుకుంటాం. కాని దానికి కారణమైన వైరస్ పోదు. వెన్నెముక పక్కనున్న నరాల ముడుల్లో దూరి నిద్రపోతుంది. నలభై, యాభై ఏళ్ళ తరవాత, ఒంట్లో శక్తి తగ్గినప్పుడు, నిద్రలేచి నరం వెంబడి చర్మానికి వస్తుంది. అప్పుడు నడుముకో, ఛాతీకో ఒకవైపు పట్టీలాగా పొక్కులు లేచి మంట పుడుతుంది. దీన్నే పెద్దలు "సర్పి" అంటారు. కొన్ని ఊళ్ళలో "అక్కి" అంటారు. అంటే తాతగారి సర్పి ఆయన చిన్ననాటి ఆటలమ్మే అన్నమాట!

ఇలా దాగి ఉండే వైరస్‌లది ఒక పెద్ద కుటుంబం. దానికి హెర్పిస్ కుటుంబమని పేరు. జ్వరం వచ్చి తగ్గాక పెదవి మీద పొక్కులు రావడం మీరు చూసే ఉంటారు. అది హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్ పని. దానికి కూడా నరాల ముడులే దాగుడుచోటు. ఈ కుటుంబంలోనే మరొకటి సైటోమెగలో వైరస్. పేరు పొడుగ్గా ఉన్నా అర్థం తేలికే. "సైటో" అంటే కణం, "మెగలో" అంటే పెద్ద. ఇది సోకిన కణం ఉబ్బి పెద్దదవుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే గుడ్లగూబ కన్నులాగా కనిపిస్తుంది. మన దేశంలో పెద్దవారయ్యేసరికి ఇంచుమించు అందరికీ ఇది ఎప్పుడో ఒకప్పుడు సోకే ఉంటుంది. ఆరోగ్యవంతులలో ఇది ఉన్నదన్న సంగతి కూడా తెలియదు. కాపలాకణాలు దాన్ని తల ఎత్తనివ్వవు.

కాని మూత్రపిండం మార్పిడి అయిన మనిషిలో కాపలా బలహీనపడింది కదా! దాగి ఉన్న వైరస్ లేస్తుంది. లేదా, అమర్చిన మూత్రపిండంలోనే నిద్రపోతూ వచ్చిన వైరస్ కొత్త ఇంట్లో లేస్తుంది. ఇచ్చినవారిలో వైరస్ ఉండి, పుచ్చుకున్నవారికి అది ఎన్నడూ సోకకపోతే అపాయం మరీ ఎక్కువ. ఎందుకంటే పుచ్చుకున్నవారి కాపలాకణాలకు ఆ దొంగ ముఖపరిచయమే లేదు. జ్వరం, నీరసం, విరేచనాలు వస్తాయి. తెల్లకణాలు తగ్గిపోతాయి. ఊపిరితిత్తులు, కళ్ళు దెబ్బతినవచ్చు. కొత్త మూత్రపిండం కూడా చెడిపోవచ్చు. పైగా ఒకసారి తగ్గినా మళ్ళీ మళ్ళీ తిరగబెట్టడం దీని స్వభావం.

దొంగ ఇటుక

వైరస్‌ను చంపే మందు తయారుచేయడం కష్టం. ఎందుకంటే వైరస్‌కు సొంత ఇల్లు లేదు, సొంత వంట లేదు. మన కణంలో దూరి, మన కణం పనిముట్లతోనే తన సంతానాన్ని పెంచుకుంటుంది. వైరస్‌ను కొట్టబోతే కణానికి తగులుతుంది. మరి శాస్త్రజ్ఞులు ఏం ఉపాయం పన్నారు?

ఈ ఉపాయం వెనుక ఉన్న మూల ఆలోచనతో ఒక తెలుగువాడికి సంబంధం ఉంది. ఆయన భీమవరంలో పుట్టిన డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావు. కణాలు పెరగడానికి ఫోలిక్ ఆమ్లం అనే విటమిను అవసరం. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తరవాత అచ్చం అలాగే కనిపించే "దొంగ ఫోలిక్ ఆమ్లాన్ని" కూడా తయారుచేసింది. దాని పేరు అమినాప్టెరిన్. కేన్సరు కణం దాన్ని అసలు విటమినే అనుకుని పుచ్చుకుంటుంది. దాంతో దాని పెరుగుదల ఆగిపోతుంది. 1948లో డాక్టరు సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సరు సోకిన 16 మంది పిల్లలకు ఈ మందు ఇస్తే 10 మందికి గుణం కనిపించింది. అయితే ఆ గుణం కొన్నాళ్ళే నిలిచింది. వ్యాధి తిరగబెట్టింది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి.

ఇదే దారిలో నడిచినవారు హిచింగ్స్, ఎలియన్. 1970ల్లో ఎలియన్ బృందం ఎసైక్లోవిర్ అనే మందును వెలికితెచ్చింది. ఇదెలా పనిచేస్తుందో చూడండి.

వైరస్ సంతానం కావాలంటే దాని డి.ఎన్.ఎ.కు నకళ్ళు తయారుకావాలి. డి.ఎన్.ఎ. అంటే ఇటుకలు వరుసగా పేర్చిన పొడవాటి గోడ అనుకోండి. ఒక్కొక్క ఇటుకకూ రెండు కొక్కేలు ఉంటాయి. ఒకటి వెనకటి ఇటుకను, మరొకటి రాబోయే ఇటుకను పట్టుకోవడానికి. ఎసైక్లోవిర్ చూడడానికి అసలు ఇటుకలాగే ఉంటుంది. కాని రాబోయే ఇటుకను పట్టుకునే కొక్కెం దానికి లేదు. వైరస్ మేస్త్రీ, అంటే పాలిమరేజ్ అనే ఎంజైము, దాన్ని నిజమైన ఇటుకేననుకుని గోడలో పెడుతుంది. అంతే. తరవాతి ఇటుక నిలవదు. గోడ అక్కడితో ఆగిపోతుంది.

మరి ఈ దొంగ ఇటుక మన కణాల గోడను కూడా ఆపదా? అక్కడే ఉంది చమత్కారం. మాత్రలో ఉన్న ఎసైక్లోవిర్ పచ్చి ఇటుక. పచ్చి ఇటుకను ఏ మేస్త్రీ ముట్టుకోదు. దానికి మూడు ఫాస్ఫేట్లు తగిలించాలి. ఇటుకను కాల్చడం లాంటిదే ఇది. మొదటి ఫాస్ఫేటును తగిలించేది హెర్పిస్ వైరస్ సొంత ఎంజైము. దాని పేరు థైమిడిన్ కైనేజ్. మన కణాల ఎంజైములు ఆ పని ఇంచుమించు చేయలేవు. తరవాతి రెండింటిని మాత్రం మన కణం తగిలిస్తుంది. అందువల్ల వైరస్ ఉన్న కణంలోనే దొంగ ఇటుక తయారవుతుంది. వైరస్ లేని కణంలో మందు పచ్చిగానే ఉండి మూత్రంలో బయటికి పోతుంది. అంటే దొంగ తన ఉరితాడును తానే పేనుకుంటాడన్నమాట!

సైటోమెగలో వైరస్‌కు ఎసైక్లోవిర్ చాలదు. దానికి ఇంచుమించు ఇదే పద్ధతిలో పనిచేసే గాన్సిక్లోవిర్ 1989లో అమెరికాలో ఆమోదం పొందింది. దీని మాత్ర రూపం వాల్‌గాన్సిక్లోవిర్. ఇక్కడ మొదటి ఫాస్ఫేటును తగిలించేది యు.ఎల్.97 అనే వైరస్ జన్యువు తయారుచేసే ఎంజైము.

ఈ కథలో ఒక విచిత్రం గమనించారా? కాపలాను నిద్రపుచ్చిన అజాథయోప్రిన్, కాపలా లేనప్పుడు చొరబడే వైరస్‌ను ఆపిన ఎసైక్లోవిర్, రెండింటి వెనుకా ఎలియనే ఉంది. 1988లో ఆమెకు హిచింగ్స్, జేమ్స్ బ్లాక్‌లతో కలిపి నోబెల్ బహుమతి లభించింది.

వైరస్ తప్పించుకునే దారులు

డి.ఎన్.ఎ.ను నకలు చేసేటప్పుడు అప్పుడప్పుడు తప్పులు దొర్లుతాయి. పెద్ద వ్యాసాన్ని చూసి రాసేటప్పుడు ఎక్కడో ఒక అక్షరం జారిపోవడం లాంటిదే. వీటినే ఉత్పరివర్తనాలంటారు. చాలా తప్పులు వైరస్‌కు నష్టమే. కాని మందు ఉన్నచోట కొన్ని తప్పులు వరంగా మారతాయి.

మొదటి దారి: ఇటుకను కాల్చే ఎంజైము చెడిపోవడం. థైమిడిన్ కైనేజ్ జన్యువులో ఒక తప్పు దొర్లితే ఆ ఎంజైము తయారుకాదు. లేదా మారిన రూపంలో తయారవుతుంది. అప్పుడు ఎసైక్లోవిర్ పచ్చిగానే మిగిలిపోతుంది. హెర్పిస్ సింప్లెక్స్‌లో మందుకు లొంగని వాటిలో నూటికి 95 దాకా ఈ బాపతే. సైటోమెగలో వైరస్‌లో కూడా సాధారణంగా మొదట మారేది యు.ఎల్.97 జన్యువే.

రెండో దారి: మేస్త్రీ తెలివిమీరడం. పాలిమరేజ్ రూపం కొద్దిగా మారి, దొంగ ఇటుకను అసలు ఇటుక నుంచి గుర్తుపట్టి వదిలేస్తుంది. సైటోమెగలో వైరస్‌లో ఈ జన్యువు పేరు యు.ఎల్.54. ఇది మారితే ఒక్క మందే కాదు, మేస్త్రీ మీద పనిచేసే ఇతర మందులు కూడా విఫలం కావచ్చు. మొదటి దారికి తోడు రెండోది కూడా తెరుచుకుంటే రోగి పరిస్థితి కష్టమవుతుంది.

ఇది ఊహ కాదు. ఎసైక్లోవిర్‌కు అమెరికాలో ఆమోదం దొరికిన 1982లోనే, రోగనిరోధక శక్తి తగ్గిన రోగుల నుంచి ఆ మందుకు లొంగని వైరస్‌ను డాక్టర్లు వేరుచేశారు. గాన్సిక్లోవిర్‌కు లొంగని సైటోమెగలో వైరస్ గురించిన నివేదిక కూడా ఆ మందు ఆమోదం పొందిన 1989లోనే వెలువడింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా తెలుసుకోవాలి. "ఒంటికి మందు అలవాటు పడింది" అని చాలామంది అంటారు. అది సరికాదు. మారింది ఒళ్ళు కాదు, వైరస్. ఆ వైరస్‌ను మందు మార్చలేదు. మారినదాన్ని మందు ఏరి నిలబెట్టింది. చాటలో ధాన్యం చెరిగితే పొట్టు ఎగిరిపోయి గింజ మిగిలినట్టు.

వడ్లతో ఒక లెక్క

హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌లు 10,000 తీసుకుంటే, మందు ముఖమే చూడనివాటిలో కూడా, ఎసైక్లోవిర్‌కు లొంగనివి 6 నుంచి 8 దాకా ఉంటాయి. మరి అందరిలోనూ మందు విఫలం కావాలి కదా? ఆరోగ్యవంతులలో నూటికి ఒకరికి కూడా అలా జరగదు. రోగనిరోధక శక్తి తగ్గినవారిలో మాత్రం నూటికి నలుగురి నుంచి పదిమంది దాకా మందుకు లొంగని వైరస్ కనిపిస్తుంది. ఈ తేడా ఎందుకో మీరే చేసి చూడండి.

ఒక పళ్ళెంలో 32 వడ్లు, 4 పెసలు వేయండి. వడ్లు మందుకు లొంగే వైరస్‌లు. పెసలు లొంగనివి. లెక్క సులువుగా ఉండడానికి అనుకున్న అంకెలివి.

ప్రతి రోజూ మూడు పనులు జరుగుతాయనుకుందాం. ఒకటి, వైరస్‌లు రెట్టింపవుతాయి. రెండు, మందు పనిచేసి వడ్లలో నాలుగింట మూడు వంతులు పోతాయి. పెసలకు ఏమీ కాదు. మూడు, కాపలాకణాలు వచ్చి వడ్లయినా పెసలైనా చూడకుండా నాలుగింట మూడు వంతులు తీసేస్తాయి.

ముందు ఆరోగ్యవంతుడి సంగతి చూద్దాం. 32 వడ్లు 64 అవుతాయి, 4 పెసలు 8 అవుతాయి. మందుతో వడ్లు 16కు దిగుతాయి. కాపలాకణాల తరవాత వడ్లు 4, పెసలు 2 మిగులుతాయి. రెండో రోజు వడ్లు 8, పెసలు 4 అవుతాయి. మందు తరవాత వడ్లు 2. కాపలా తరవాత వడ్లు ఇంచుమించు సున్నా, పెసలు 1. రోగం తగ్గిపోయింది.

ఇప్పుడు మూత్రపిండం మార్పిడి అయిన మనిషిని తీసుకోండి. కాపలా పూర్తిగా నిద్రపోయిందనుకుని మూడో పని వదిలేయండి. మొదటి రోజు చివర వడ్లు 16, పెసలు 8. రెండో రోజు చివర వడ్లు 8, పెసలు 16. మూడో రోజు చివర వడ్లు 4, పెసలు 32! పళ్ళెంలో మొత్తం గింజలు మొదట 36, ఇప్పుడూ 36. కాని అప్పటి వైరస్ వేరు, ఇప్పటి వైరస్ వేరు. నాలుగో రోజు నుంచి మందు వేస్తున్నా రోగం పెరుగుతూనే ఉంటుంది.

ఈ లెక్క చెప్పేదేమిటి? మందు ఒక్కటే రోగాన్ని నయం చేయదు. మందు చాలామటుకు పని చేస్తుంది. మిగిలిపోయిన ఆ కొన్నింటిని తుడిచిపెట్టేది మన కాపలాకణాలే. మార్పిడి అయినవారిలో ఆ రెండో చెయ్యి బలహీనం.

సగం మోతాదు, పూర్తి ముప్పు

కోదాడలో ఒక వ్యక్తికి తల్లి మూత్రపిండం ఇచ్చి బతికించుకున్నదనుకుందాం. ఆపరేషను హైదరాబాదులో జరిగింది. కోదాడ నుంచి హైదరాబాదు సుమారు 180 కిలోమీటర్లు. మొదట్లో తరచుగా, తరవాత నెలకోసారి వెళ్ళి చూపించుకోవాలి. కాపలాను అణచే మందులతోపాటు వైరస్ మందు కూడా కొన్ని నెలలు వాడమన్నారు. ఆ మాత్రలు ఖరీదైనవి. ఒంట్లో బాగానే ఉన్నది కదా అని అతను రోజుకు రెండు మాత్రలకు బదులు ఒకటి వేసుకోసాగాడు. నాట్ల రోజుల్లో పని ఒత్తిడి వల్ల ఒక నెల వెళ్ళనే లేదు. ఏమవుతుంది?

పూర్తి మోతాదు ఉంటే వైరస్ సంతానం ఆగిపోతుంది. సంతానం లేకపోతే కొత్త తప్పులు దొర్లే అవకాశమూ ఉండదు. మందే లేకపోతే వైరస్ పెరుగుతుంది, రోగం ముదురుతుంది. కాని లొంగని వైరస్‌కు ప్రత్యేకంగా లాభమేమీ లేదు. సగం మోతాదులో మాత్రం రెండు విధాలా చెరుపే. వైరస్ పెరుగుతూనే ఉంటుంది, తప్పులు దొర్లుతూనే ఉంటాయి. ఆ తప్పుల్లో పనికొచ్చేదాన్ని ఏరిపెట్టడానికి మందు కూడా చాలినంత ఉంటుంది. సుడిదోమకు పలచగా మందు కొట్టిన రైతు చేసిందీ ఇదే.

అయితే తప్పంతా రోగిదే అనుకోకూడదు. గాన్సిక్లోవిర్ మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. కొత్త మూత్రపిండం పనితీరు రోజురోజుకూ మారుతుంటే మోతాదు కూడా దానికి తగ్గట్టు మారాలి. మందు ఎక్కువైతే తెల్లకణాలు పడిపోతాయి. తక్కువైతే వైరస్ లేస్తుంది. డాక్టరు నడిచేది కత్తి అంచు మీద. అందుకే రక్తపరీక్షలు మానకూడదు.

పట్టుకునేదెలా? మార్చేదెలా?

కోవిడ్ రోజుల్లో పి.సి.ఆర్. పరీక్ష మాట మీరు వినే ఉంటారు. అదే పద్ధతితో రక్తంలో సైటోమెగలో వైరస్ ఎంత ఉన్నదో లెక్కకట్టవచ్చు. సరైన మోతాదులో రెండు వారాలకు మించి మందు ఇచ్చినా ఆ లెక్క దిగకపోతే డాక్టర్లకు అనుమానం వస్తుంది. అప్పుడు వైరస్ జన్యువులను అక్షరం అక్షరం చదివిస్తారు. యు.ఎల్.97లో మార్పు ఉందా, యు.ఎల్.54లో ఉందా అన్నది తేలితే ఏ మందు పనిచేస్తుందో, ఏది చేయదో తెలుస్తుంది.

కుదిరితే కాపలాను అణచే మందును కాస్త తగ్గిస్తారు. కాపలాకణాలు మేలుకుని వైరస్‌ను పట్టుకుంటాయి. కాని మరీ మేలుకుంటే మూత్రపిండం మీదే పడతాయి!

మరో మార్గం మందు మార్చడం. ఫాస్కార్నెట్ అనే మందుకు వైరస్ చేతిలో కాలడం అవసరం లేదు. అది నేరుగా మేస్త్రీని అడ్డుకుంటుంది. కాబట్టి యు.ఎల్.97 మారిన వైరస్ మీద కూడా పనిచేస్తుంది. కాని అది మూత్రపిండానికి హాని చేసే మందు. ఏ మూత్రపిండం కోసం ఇంత పాటుపడ్డారో దానికే దెబ్బ. చూశారా, మందుకు లొంగని వైరస్ ఎంత కష్టమైన బేరం పెడుతుందో!

ఈ బేరం తప్పించడానికి శాస్త్రజ్ఞులు వేరే చోట్ల దెబ్బకొట్టే మందులు వెతికారు. 2017లో లెటర్మొవిర్ వచ్చింది. తయారైన వైరస్ డి.ఎన్.ఎ.ను కత్తిరించి పెట్టెలో సర్దే ఎంజైమును ఇది అడ్డుకుంటుంది. ఇది ముఖ్యంగా వైరస్ లేవకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే మందు. 2021లో మారిబావిర్‌కు అమెరికాలో ఆమోదం దొరికింది. ఇది యు.ఎల్.97 ఎంజైమునే పనిచేయనివ్వదు. మార్పిడి రోగుల్లో పాత మందులకు లొంగని సైటోమెగలో వైరస్ కోసమే దీన్ని ఆమోదించారు.

ఇక్కడ మీకొక ప్రశ్న. గాన్సిక్లోవిర్, మారిబావిర్ రెండింటినీ కలిపి ఇస్తే రెట్టింపు లాభం కలుగుతుందా? చదవడం ఆపి ఒక్క నిమిషం ఆలోచించండి.

కలగదు. గాన్సిక్లోవిర్‌ను కాల్చవలసిన ఎంజైము యు.ఎల్.97దే. మారిబావిర్ ఆ ఎంజైమునే మూసేస్తుంది. దాంతో గాన్సిక్లోవిర్ పచ్చిగానే మిగిలిపోతుంది. అందుకే ఈ రెండింటినీ కలిపి ఇవ్వరు. మందు పనిచేసే తీరు తెలియకుండా "రెండు మందులు మంచివే, కలిపితే ఇంకా మంచిది" అనుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

మళ్ళీ వచ్చినవాడు ఎవడు?

హెర్పిస్ సింప్లెక్స్ విషయంలో ప్రకృతి మనకు కొంత మేలు చేసింది. మందుకు లొంగని వైరస్ పెదవి మీద పుండు చేసి కొన్నాళ్ళకు తగ్గిందనుకోండి. మూడు నెలల తరవాత మళ్ళీ పుండు వచ్చింది. ఇప్పుడు వచ్చింది కూడా లొంగని వైరసేనా? చాలాసార్లు కాదు! నరాల ముడిలో మొదటినుంచీ దాగి ఉన్నది మందుకు లొంగే పాత వైరస్. మళ్ళీ లేచింది అదే. థైమిడిన్ కైనేజ్ పోగొట్టుకున్న వైరస్‌కు నరాల కణంలో నిద్రలేవడం కష్టమని ఎలుకలమీద చేసిన ప్రయోగాలలో తేలింది. మందు నుంచి తప్పించుకోవడానికి పారేసుకున్న ఆ పనిముట్టే దానికి నిద్రలేవడానికి అవసరం మరి. కాబట్టి ఒకసారి విఫలమైన మందు మరోసారి పనిచేయవచ్చు. అయితే ఇది ప్రతిసారీ నిజం కాదు. మార్పిడి రోగుల్లో లొంగని వైరసే తిరగబెట్టిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే ఊహించడం కాదు, పరీక్షించి చూడడం అవసరం.

రోగం రాకుండా చూడడమే మేలు

హెపటైటిస్-బి వైరస్ కూడా మార్పిడి రోగులను బాధించేదే. దానికి 1998లో వచ్చిన లామివుడిన్ అనే మందును ఒక్కదాన్నే అయిదేళ్ళు వాడినవారిలో, నూటికి 70 మంది దాకా, లొంగని వైరస్ తలెత్తింది. తరవాత టెనోఫొవిర్, ఎంటెకావిర్ వంటి గట్టి మందులు వచ్చాయి. కాని ఈ వైరస్‌కు టీకా కూడా ఉంది. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో మన దేశంలోనే తయారుచేసి ఈ టీకాను చవకగా అందుబాటులోకి తెచ్చింది. మూత్రపిండాలు చెడిపోయినవారికి మార్పిడికి ముందే ఈ టీకా వేస్తారు. రోగమే రాకపోతే మందు అక్కరలేదు. మందు వాడకపోతే లొంగని వైరస్ పుట్టే అవకాశమూ ఉండదు.

సూర్యాపేటలోనో, మిర్యాలగూడలోనో, మీ వీధిలోనో మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారు ఉండవచ్చు. మీ మేనమామే కావచ్చు. అటువంటివారి ఇంట్లో ఉన్న పిల్లలు చేయగల పనులు చిన్నవే గాని విలువైనవి. మందుల వేళలు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. మాత్రలు అయిపోకముందే వారం రోజులు ముందుగా గుర్తు చేయండి. జలుబో, జ్వరమో ఉన్నప్పుడు వారికి దూరంగా ఉండండి. బాగున్నది కదా అని మందు తగ్గించబోతే, డాక్టరును అడగకుండా అలా చేయవద్దని చెప్పండి. ఎందుకని వారు అడిగితే, ఒక పళ్ళెంలో 32 వడ్లు, 4 పెసలు పోసి చూపించండి.

ఆలోచించి చెప్పండి

1. పళ్ళెం లెక్కలో మూడో పనిని పూర్తిగా వదిలేయకుండా, కాపలాకణాలు ప్రతి రోజూ సగం గింజలను మాత్రమే తీసేస్తాయనుకుంటే పెసలు పెరుగుతాయా, తగ్గుతాయా, ఉన్నచోటే ఉంటాయా?

2. అదే పళ్ళెంలో మందు మోతాదు సగమై, వడ్లలో సగమే పోతాయనుకోండి. కాపలా లేదు. మూడు రోజుల చివర మొత్తం గింజలు ఎన్ని?

3. పాలిమరేజ్ మారిన వైరస్‌కు, థైమిడిన్ కైనేజ్ పోగొట్టుకున్న వైరస్‌కు తేడా ఏమిటి? ఫాస్కార్నెట్ ఏ వైరస్ మీద పనిచేస్తుందని నమ్మకంగా చెప్పవచ్చు?

4. మీ ఊరి రైతును అడిగి, ఒకప్పుడు పనిచేసి ఇప్పుడు పనిచేయని పురుగుమందు ఒకటి తెలుసుకోండి. దాన్ని ఎన్నిసార్లు, ఎంత మోతాదులో కొట్టేవారో రాసుకోండి. ఈ పాఠంలోని వైరస్‌కు, ఆ పురుగుకు ఉన్న పోలికలు మీ నోటుబుక్కులో పట్టికగా వేయండి.